హిసాబు, జవాబు: ఈజిప్టు శాసనసభ – సైన్యము

తెలుగువారము నిత్యము వాడుకొను మాటలలో 'జవాబు' అనునది ఒకటి. తెలంగాణమున బజారులో గాని, కచేరీలో గాని తరచుగా వినబడు 'హిసాబు' మరియొకటి. ఈ రెండును అరబ్బీ భాష నుండి ఫారసీ, ఉర్దూల మీదుగా మన ఊళ్లకు వచ్చిన మాటలే. ఆ భాషలో, ఆ ధాతువుల నుండియే, శాసనసభలకు సంబంధించిన రెండు పారిభాషిక పదములు కూడ ఏర్పడినవి. సభ్యుడు మంత్రిని నిలదీసి సమాధానము రాబట్టు ప్రక్రియకు 'ఇస్తిజ్వాబ్' అని పేరు. ప్రభుత్వపు ఖర్చులను తనిఖీ చేయు కార్యాలయమునకు 'దివాన్ అల్ ముహాసబా' అని పేరు. ఒకటి జవాబు అడుగుట. రెండవది హిసాబు చూచుట.

ఈ రెండు పనులును విద్యాశాఖ విషయమునను, నీటిపారుదల విషయమునను ఏ దేశమునందైనను కొంత సులభముగనే జరుగును. సైన్యము దగ్గరకు వచ్చునప్పటికి చిక్కు ఏర్పడును. సైన్యమునకు రహస్యము అవసరము. ఆ సంగతి ఎవరును కాదనరు. అయితే ఏ రహస్యము శత్రువునకు తెలియరానిది, ఏ రహస్యము పన్ను చెల్లించు ప్రజకు తెలియరానిది అను విచక్షణ చేయవలసినవారు ఎవరు? సేనాపతియా, రాజా, ప్రజల ప్రతినిధులా? అరబ్బు దేశములలో ఈ ప్రశ్నను అందరికంటె ముందుగా వేసి, అందరికంటె ఎక్కువ మూల్యము చెల్లించినది ఈజిప్టు. ఆ కథను మేము ఇక్కడ క్లుప్తముగ చెప్పదలచినాము.

ఈజిప్టునకు శాసనసభ క్రొత్తది కాదు. 1866లోనే ఖదీవు ఇస్మాయిల్ ఒక ప్రతినిధుల సభను ఏర్పాటు చేసినాడు. అది సలహా చెప్పుటకు మాత్రమే ఉద్దేశింపబడినది. ఇస్మాయిల్ చేసిన అప్పుల మూలమున 1876 నుండి దేశపు ఖజానా పరదేశీయుల అదుపులోనికి పోయినది. రాబడిలో దాదాపు సగము అప్పుల వాయిదాలకే సరిపోయెడిది. ఖర్చు తగ్గింపవలెనన్న నెపముతో 1879లో వేలకొలది సైనికాధికారులను సగము జీతము మీద ఇండ్లకు పంపినప్పుడు, సైన్యపు అసంతృప్తియు, ప్రజల అసంతృప్తియు ఒకటైనవి.

1881 సెప్టెంబరు 9వ తేదీన కర్నలు అహ్మద్ ఉరాబీ తన పటాలములతో కైరోలోని ఆబిదీన్ రాజభవనము ఎదుట నిలిచి, ఖదీవు తౌఫీక్ ముందు మూడు కోరికలు ఉంచినాడు. మంత్రివర్గమును మార్చవలెను, ప్రతినిధుల సభను పిలువవలెను, సైన్యమును 18,000కు పెంచవలెను. ఇందు గమనింపదగిన సంగతి యొకటి కలదు. ఆనాడు సైన్యమే శాసనసభను కోరినది. సైనికుని జీతపు లెక్క ఖదీవు భవనములో కాక, ప్రతినిధుల సభలో తేలవలెనని అడిగినవారు సైనికులే.

ఆ డిసెంబరులో సభ సమావేశమైనది. విదేశపు అప్పులకును, తురుష్క సుల్తానునకు చెల్లింపవలసిన కప్పమునకును పోగా, మిగిలిన సొమ్మును ఖర్చు చేయు విషయమున తమకు అధికారము కావలెనని సభ్యులు కోరినారు. అప్పులవారి భాగమును వారు ముట్టనే లేదు. అయినను ఇంగ్లండు, ఫ్రాన్సు 1882 జనవరిలో ఖదీవును సమర్థించుచు ఉమ్మడిగా ఒక లేఖ పంపినవి. మిగిలిన సగములో సైన్యపు ఖర్చు ఉన్నది. సైన్యపు ఖర్చును సభ నిర్ణయించినచో సైన్యము సభ మాట వినును. ప్రధాని షరీఫ్ పాషా సభ్యులతో ఏకీభవింపక పదవి వదలినాడు. ప్రసిద్ధ కవియు, సైనికుడును అయిన మహమూద్ సామీ అల్ బారూదీ ప్రధాని అయినాడు. ఉరాబీ యుద్ధమంత్రి అయినాడు. ఫిబ్రవరి 7న వెలువడిన శాసనమున, మంత్రులును సభ్యులును సమసంఖ్యలో కూర్చుండి ఆయవ్యయ పట్టికను పరిశీలించు ఏర్పాటు చేయబడినది. ఆ ఏర్పాటు ఏడాదియైనను నిలువలేదు. జూలై 11న ఆంగ్ల నౌకలు అలెగ్జాండ్రియాపై ఫిరంగులు పేల్చినవి. సెప్టెంబరు 13న తెల్ అల్ కబీర్ యుద్ధమున ఉరాబీ ఓడిపోయినాడు. ఈజిప్టు సైన్యము రద్దయినది. తిరిగి ఏర్పడిన సైన్యమునకు 'సర్దారు' అను బిరుదుతో ఆంగ్లేయుడు సేనాధిపతి అయినాడు.

తరువాతి నలువది సంవత్సరములలో ఈ విషయమున చెప్పుకొనదగిన మార్పు లేదు. 1922 ఫిబ్రవరిలో బ్రిటను ఈజిప్టును స్వతంత్రముగ ప్రకటించుచు నాలుగు విషయములను మాత్రము తన చేతిలో అట్టిపెట్టుకొన్నది. అందు దేశరక్షణ ఒకటి. 1923 ఏప్రిల్‌లో వచ్చిన రాజ్యాంగము రాజునే సర్వసేనానిగ చేసినది. అధికారులను నియమించుట, తొలగించుట ఆయన వంతు. అయితే, పరులపై దండెత్తుటకు మాత్రము పార్లమెంటు అనుమతి ఉండవలెనని కూడ ఆ రాజ్యాంగముననే వ్రాయబడినది. ఈ చిన్న నిబంధనను శ్రోతలు గుర్తుంచుకొనవలెను. దీనితో మరల మనకు పని పడును.

1924 నవంబరులో సర్దారు లీ స్టాక్ కైరోలో హత్యకు గురియైనాడు. ఆ దుర్ఘటన ఫలితముగ సాద్ జగ్లూల్ మంత్రివర్గము పోయినది. 1926 ఎన్నికలలో జగ్లూల్ నాయకత్వమున వఫ్ద్ పక్షము మరల గెలిచి, ఆయన ప్రతినిధుల సభకు అధ్యక్షుడైనాడు. మరుసటి ఏట ఆ సభ నియమించిన యుద్ధ వ్యవహారముల సంఘము సైన్యమును పెంచవలెననియు, అందు ఆంగ్ల అధికారి పెత్తనమును తగ్గింపవలెననియు సూచించినది. పార్లమెంటు సంఘము చేయు పనియే అది. కాగితముపై వ్రాసిన సిఫారసు అది. దానికి సమాధానముగ 1927లో ఆంగ్ల యుద్ధనౌకలు అలెగ్జాండ్రియా రేవునకు బయలుదేరినవి. ప్రభుత్వము వెనుకకు తగ్గినది. ఆ ఆగస్టుననే జగ్లూల్ మరణించినాడు.

ఇక 1948వ సంవత్సరమునకు వత్తము. పాలస్తీనాలో యుద్ధము దాపురించినది. ప్రధాని నుక్రాషీ పాషా మొదట సైన్యమును పంపుటకు వెనుకాడినాడు. ఫరూఖు రాజు మాత్రము తొందరపడినాడు. మే నెలలో పార్లమెంటును రహస్యముగ సమావేశపరచి అనుమతి కోరినారు. రాజ్యాంగ నిబంధన ఆ విధముగ నెరవేరినది. ఎగువ సభయగు సెనేటులో మాజీ ప్రధాని ఇస్మాయిల్ సిద్ఖీ పాషా యుద్ధమును వ్యతిరేకించి, సైన్యము సిద్ధముగ ఉన్నదా అని శంకించినాడు. నిరంకుశుడని పేరుపొందిన సిద్ఖీ నోటనే ఆ ప్రశ్న వచ్చుట చరిత్రలోని వింత. ఆయన మాట ఎవరును వినలేదు. మే 15న సేనలు సరిహద్దు దాటినవి.

యుద్ధము మొదలయిన రెండు వారములకు ఐక్యరాజ్యసమితి ఆ ప్రాంతమునకు ఆయుధములు పంపరాదని నిషేధించినది. బహిరంగముగ ఆయుధములు దొరకని సైన్యము దళారుల నాశ్రయింపక తప్పలేదు. రెండవ ప్రపంచయుద్ధమున మిగిలిపోయిన పాత సరుకు యూరపులో గుట్టలుగ పడి ఉండెను. సైన్యపు అవసరములకై ఒక ప్రత్యేక సంఘమును నియమించి, టెండర్లు, తనిఖీలు మొదలగు మామూలు నిబంధనల నుండి దానికి మినహాయింపు ఇచ్చినారు. అత్యవసర సమయమున అది తప్పనిసరి కావచ్చును. కాని లెక్కలేని సొమ్మును, గుట్టుగ సాగు బేరమును ఒకచోట చేర్చినచో ఏమి జరుగునో మన పల్లెటూరి కరణమునకు కూడ తెలియును.

యుద్ధము ఓటమితో ముగిసినది. ఫలూజా గ్రామమున నెలల తరబడి ముట్టడిలో చిక్కుకొన్న ఈజిప్టు దళమునందు గమాల్ అబ్దుల్ నాసరు అను యువ అధికారి ఒకడు. చేతిలోనే పేలిన గ్రెనేడులను గూర్చి, పనికిరాని తుపాకులను గూర్చి కథలు సైనికులతోపాటు ఇంటికి వచ్చినవి. వాటిలో నిజమెంత? తేల్చవలసినది లెక్కల తనిఖీ కార్యాలయము. 1942లో స్థాపింపబడిన ఆ దివానునకు అప్పటి అధిపతి మహమూద్ మహమ్మద్ మహమూద్. ఆయన తయారుచేసిన నివేదికలో రెండు పద్దులు రాజభవనమునకు కంటగింపు అయినవి. ఒకటి పాలస్తీనా యుద్ధపు ఆయుధముల కొనుగోలు. రెండవది అలెగ్జాండ్రియాలోని ఒక ఆసుపత్రి నిధి నుండి రాజుగారి పత్రికా సలహాదారునకు ముట్టిన 5,000 పౌనులు. వాటిని తొలగింపుమని ఒత్తిడి వచ్చినది. ఆయన తొలగింపలేదు. 1950లో రాజీనామా ఇచ్చి తప్పుకొన్నాడు.

ఆ మే నెలాఖరున సెనేటు సభ్యుడు ముస్తఫా మర్ఈ లేచి ఇస్తిజ్వాబ్ చేసినాడు. తనిఖీ అధిపతి ఎందులకు రాజీనామా చేసినాడో ప్రభుత్వము చెప్పవలెనన్నది ఆయన ప్రశ్న. పైకి చూచుటకు అది ఒక ఉద్యోగి రాజీనామాను గూర్చిన ప్రశ్న. లోపల అది సైన్యపు లెక్కను గూర్చిన ప్రశ్న; ఇంకను లోపల రాజును గూర్చిన ప్రశ్న. ఆనాడు సెనేటు అధ్యక్షస్థానమున కూర్చున్నది మహమ్మద్ హుసేన్ హైకల్. 'జైనబ్' నవలా రచయితగ సాహిత్యలోకమున ఆయనకు పేరు కలదు. ప్రశ్నను అడ్డుకొనుమని రాజపక్షము ఆశించియుండవచ్చును. ఆయన చర్చను సాగనిచ్చినాడు.

మూడు వారములైనను గడువలేదు. జూన్ 17న రాజశాసనములు వెలువడినవి. హైకల్ అధ్యక్ష పదవి పోయినది. ముస్తఫా మర్ఈతో సహా మరికొందరి సభ్యత్వము పోయినది. 1923 రాజ్యాంగము ప్రకారము సెనేటులో అయిదింట రెండు వంతులు రాజు నియమించు స్థానములే గనుక, నియామకములను తిరగదోడు మార్గము రాజునకు దొరికినది. ఎన్నికలలో గెలిచి అధికారమునకు వచ్చిన వఫ్ద్ ప్రభుత్వము, నహాస్ పాషా ప్రధానిగ ఉండి కూడ, దీనికి అడ్డు చెప్పలేదు. మా అభిప్రాయమున ఈ కథలో అన్నిటికంటె విచారకరమైన ఘట్టము ఇదియే. సభ నోరు మూసినది రాజు ఒక్కడే కాదు. ప్రజల పేర గెలిచిన పక్షము కూడ అందులకు చేయి కలిపినది.

సభలో మూసిన నోరు పత్రికలో తెరచుకొన్నది. రోజల్ యూసుఫ్ వారపత్రికలో ఇహ్సాన్ అబ్దుల్ ఖుద్దూస్ ఆయుధముల వ్యవహారముపై వ్యాసములు వరుసగ ప్రకటించినాడు. దేశము అట్టుడికినది. విచారణ మొదలైనది, కోర్టుకు ఎక్కినది. 1953లో తీర్పు వచ్చునప్పటికి రాజు లేడు, పాత పార్లమెంటును లేదు. నిందితులలో ఎక్కువమంది నిర్దోషులని తేలినది. ఓటమికి చెడ్డ ఆయుధముల కంటె సన్నాహము లేకపోవుటయు, నాయకత్వ లోపమును ముఖ్య కారణములని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. అయినను సామాన్యుని మనస్సులో 'చెడ్డ ఆయుధముల' కథయే నిలిచిపోయినది. సకాలమున లెక్క చెప్పనిచోట వదంతియే రాజ్యమేలును. సెనేటులో ఆ ప్రశ్నకు జవాబు దొరికియున్నచో నేరము చేసినవారికి శిక్షయు, చేయనివారికి మాన్యతయు దక్కియుండెడివి.

ఇట్టి వ్యవహారము మన దేశమునకును తప్పలేదు. 1948లోనే జరిగిన జీపుల కొనుగోలును గూర్చి మన పార్లమెంటులో ప్రశ్నలు వచ్చినవి. ప్రభుత్వ లెక్కల సంఘము విచారించినది. 1955లో ప్రభుత్వము ఆ వ్యవహారము ముగిసినదని ప్రకటించినది. అది అందరికిని తృప్తి కలిగింపలేదు. కాని ప్రశ్న అడిగిన సభ్యుడు సభలోనే ఉన్నాడు. ప్రశ్నయు, జవాబును సభా పత్రములలో ఉన్నవి. రెండు దేశముల చరిత్రలకు తేడా అక్కడనే మొదలైనదని మాకు తోచుచున్నది.

1952 జూలై 23 ఉదయము కైరో రేడియోలో అన్వర్ సాదాత్ అను అధికారి ఒక ప్రకటన చదివినాడు. లంచగొండులును, స్వార్థపరులును పాలస్తీనా ఓటమికి కారకులని, ఇకమీదట సైన్యము తన్ను తాను శుద్ధి చేసికొనునని దాని సారాంశము. సభలో చెప్పనీయని మాట రేడియోలో వినబడినది. ప్రజలు హర్షించినారు. అయితే సభకు లెక్క చెప్పలేదని రాజును దింపినవారు ఆ సభను నిలుపలేదు. డిసెంబరులో 1923 రాజ్యాంగము రద్దయినది. 1953 జనవరిలో రాజకీయ పక్షములు రద్దయినవి. 1881లో ఆబిదీన్ ఎదుట నిలిచిన సైన్యము శాసనసభను కోరినది. 1952లో వచ్చిన సైన్యము తానే సభ స్థానమున కూర్చున్నది.

తరువాత సభలు ఏర్పడినవి గాని, సైన్యమును నిలదీయు సభ ఏర్పడలేదు. సైన్యమంతయు అబ్దుల్ హకీం అమేరు చేతిలో ఉండెను. 1962లో ఉన్నత సైనికాధికారుల పదోన్నతులను అధ్యక్ష మండలి ఆమోదమునకు లోబరచవలెనని నాసరు ప్రయత్నింపగా అమేరు అంగీకరింపలేదు. రాష్ట్రాధ్యక్షునికే సాధ్యముకాని తనిఖీ సాధారణ సభ్యునికి ఎట్లు సాధ్యమగును? 1967 జూన్ 5 ఉదయము ఈజిప్టు వైమానిక దళములో అధికభాగము నేలమీదనే ధ్వంసమైనది. నాసరు రాజీనామా ప్రకటింపగా సభ ఆయనను ఉండుమని కోరినదే కాని, విమానములు ఎందుకట్లు నిలిపియుండెనో అడుగలేదు. 1968 ఫిబ్రవరిలో వైమానికాధికారులకు తేలిక శిక్షలు పడినవని తెలియగానే హెల్వాన్ కార్మికులును, విద్యార్థులును వీథులలోనికి వచ్చినారు. సభ అడుగని ప్రశ్నను వీథి అడిగినది.

1970 దశకమునుండి ఆయుధ ఒప్పందములను అధ్యక్షుడే శాసనతుల్యమైన ఉత్తర్వులతో కుదుర్చుకొనుటకు సభ తన అధికారమును అప్పగించి, ఆ అప్పగింతను మరల మరల పొడిగించుచు వచ్చినది. ఇంకొక వింత కలదు. 1987 నుండి అమెరికా ఈజిప్టు సైన్యమునకు ఏటేట 130 కోట్ల డాలర్ల సహాయము కేటాయించుచు వచ్చినది. ఆ సొమ్మును గూర్చి వాషింగ్టనులోని శాసనసభ్యులు చర్చింతురు, షరతులు పెట్టుదురు. కైరోలోని సభ్యునికి మాత్రము తన సైన్యపు పద్దును విప్పి చూచు హక్కు లేకపోయినది.

2011 ఫిబ్రవరిలో హోస్నీ ముబారక్ పదవి వదలిన తరువాత ఈ ప్రశ్న మరల పైకి వచ్చినది. సైన్యపు వ్యయము ఆయవ్యయ పట్టికలో ఒక్క పద్దుగ మాత్రమే కనబడవలెనను ప్రతిపాదన ఆ నవంబరులో తెలియగానే తహ్రీర్ మైదానము జనముతో నిండినది. అయినను ఆ మాట 2014 రాజ్యాంగమున 203వ అధికరణముగ స్థిరపడినది. సైన్యపు లెక్కలను జాతీయ రక్షణ మండలి చర్చించును. సభాధ్యక్షుడు అందు ఒక సభ్యుడు. లెక్కలు చర్చకు వచ్చునప్పుడు సభయొక్క సంబంధిత సంఘముల అధ్యక్షులను పిలుతురు. సభకు చేరునది ఒక్క అంకె. 234వ అధికరణము రక్షణమంత్రి నియామకమునకు సైనిక మహామండలి అంగీకారము కావలెనన్నది. రెండు అధ్యక్ష పదవీకాలములకై పెట్టిన ఆ నిబంధనను 2019 సవరణ శాశ్వతము చేసినది. 2016 మార్చిలో లెక్కల తనిఖీ సంస్థ అధిపతిని అధ్యక్షుడు పదవినుండి తొలగించినాడు. 1950 నాటి సంగతులు ఎరిగినవారికి ఆ వార్త క్రొత్తగ తోచియుండదు. 2020 జూలై 20న సరిహద్దులకు ఆవల సేనలను పంపుటకు సభ రహస్య సమావేశమున ఏకగ్రీవముగ అనుమతించినది. 1948లో సెనేటున సందేహము వెలిబుచ్చినవాడు ఒకడుండెను. ఈసారి ఒక్కడును లేడు.

అరబ్బు దేశములన్నిటను ఇదే గతి అని మేము చెప్పుట లేదు. కువైటు 1962లో రాజ్యాంగమును, 1963లో జాతీయ సభను, 1964లో లెక్కల తనిఖీ కార్యాలయమును ఏర్పరచుకొన్నది. 1986లో ఆ సభ రద్దయియుండగా, 1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు దేశమును ఆక్రమించినవి. విముక్తి తరువాత 1992 అక్టోబరులో ఎన్నికైన సభ ఆ వైఫల్యమునకు కారణములు తేల్చుటకు విచారణ సంఘమును నియమించినది. 1993లో ప్రజాధన పరిరక్షణకు శాసనము చేసినది. ఓటమిని గూర్చి ప్రతినిధుల సభ స్వయముగ విచారించుట ఆ ప్రాంతమున చిన్న విషయము కాదు. అయితే 2024 మే నెలలో అమీరు ఆ సభను రద్దుచేసి, రాజ్యాంగములోని కొన్ని అధికరణములను నాలుగేండ్లకు మించని కాలమునకు నిలిపివేసినాడు. ట్యునీషియాలో 2014 రాజ్యాంగముతో బలపడిన సభయు 2021 జూలైలో స్తంభింపజేయబడినది.

ఈ నూటయేబది సంవత్సరముల కథలో మాకు కనబడిన సత్యము ఒకటే. శాసనసభ అడుగు లెక్క సైన్యమునకు శత్రువు కాదు. 1948లో సిద్ఖీ పాషా సందేహమును చెవినిపెట్టి సన్నాహము సరిచూచుకొన్నచో కొందరు సైనికులు ఇండ్లకు తిరిగివచ్చియుందురు. 1967కు ముందు ఒక సంఘమైనను వైమానిక స్థావరములను గూర్చి ప్రశ్నించియున్నచో ఆ జూన్ ఉదయము వేరుగ ఉండియుండవచ్చును. హిసాబు అడుగువాడు పద్దులో రూపాయలను మాత్రమే చూడడు. ఆ పద్దు వెనుక నిలిచిన సిపాయిని చూచును. జవాబు చెప్పవలసివచ్చునను ఎరుక ఉన్న సేనాపతి యుద్ధమునకు ముందే ఆ ప్రశ్నలు తనకు తాను వేసికొనును.

ముస్తఫా మర్ఈ అడిగిన ప్రశ్నకు ఆనాడు జవాబు రాలేదు. రాజశాసనము ఆయన స్థానమును తీసివేసినది గాని, ఆ ప్రశ్నను చెరపలేదు. ఏడు దశాబ్దములు గడచినను ఈజిప్టు చరిత్ర చదువువారు దానిని ఇంకను తలచుకొనుచునే యున్నారు.